అన్న మోయాల్సిన సిలువ

ముసుగు తెచ్చి భోజనాల బల్ల మధ్యలో పెట్టింది మా వదిన జెనాయిదా. చెమటకీ నెత్తురుకీ గట్టిపడిపోయి అది ఇంకా నా తల ఆకారంలోనే నిలబడి ఉంది. దాని పక్కన కొబ్బరిపాలలో ఉడికించిన అరటిపండు, చిలగడదుంప ముక్కల గిన్నె. పొద్దుటి నుంచి ఉపవాసం ఉన్న ఇంట్లో ఒక్కరూ చెంచా ముట్టుకోలేదు.

“బయట రెండు వందల మంది ఉన్నారు,” అంది వదిన. “అయిదింటికి ప్రభువు పాడె మన గేట్లోంచే కదలాలి. ఈలోగా ఊరికి ఏం చెప్పాలో తేల్చండి.”

గోడ గడియారంలో మూడుంపావు. గుడ్ ఫ్రైడే నాడు మూడు దాటిందంటే ప్రభువు ప్రాణం పోయినట్టే. ఇక మనీలాకి ఉత్తరాన ఉన్న మా ఊళ్ళో ఎవరూ గొంతు పెంచరు, ఇల్లు ఊడ్వరు, ఒంటి మీద నీళ్ళు పోసుకోరు. అందుకే నా వీపు మీద రోడ్డు దుమ్మూ మోకాళ్ళ మీద ఎండిన నెత్తురూ అలాగే ఉన్నాయి. నేను కూర్చునే ముందే వదిన కుర్చీ మీద పాత దుప్పటి పరిచింది. చూసినవాళ్ళు నా మీద జాలి అనుకుంటారు. ఆ కుర్చీ ఈ ఏడే చేయించింది, ఖరీదైన చెక్కది.

మా అమ్మ ఒక మూల జపమాల పట్టుకుని కూర్చుంది. పూసలు కదలడం లేదు.

అన్న ఎలిహియో కిటికీ దగ్గర, మాకు వీపు తిప్పి నిలబడి ఉన్నాడు. ప్రభువు విగ్రహాన్ని మోసే పాడె వెనక నడవడానికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కున్నాడు. వచ్చే నెలలో మేయర్ ఎన్నిక. ఊళ్ళో ఏ గోడ చూసినా అతని నవ్వుమొహమే. ఆ మొహం ఈ మూడు గంటల్లో ఒక్కసారి కూడా మా వైపు తిరగలేదు.

పొద్దున జరిగింది నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. ఎండ నడినెత్తికి వచ్చే వేళకి సిలువ దారిలో మూడో పందిరి దగ్గర నా కాళ్ళు మడతపడ్డాయి. సిలువ వీపు మీద పడింది. పందిట్లో ప్రభువు శ్రమల పాట పాడుతున్న ముసలావిడ ఒకతె పరుగెత్తుకొచ్చి, మనిషికి ఊపిరాడనివ్వండి అంటూ ముళ్ళకిరీటం తీసి, ముసుగు లాగేసింది. ఎలిహియో మనలన్సన్ మొహం చూద్దామని వంగిన ఊరు నా మొహం చూసింది.

“ఇతను తమ్ముడు కదా,” అన్నారెవరో.

తిట్టి ఉంటే నాకు బాగుండేది. ఉమ్మేసినా బాగుండేది. ఒకాయన మాత్రం నన్ను చూడలేనట్టు ఫోను కిందికి దించేశాడు. అతని వెనకాల ఇరవై ఫోన్లు పైకి లేచాయి.

సిలువ వెనకాలే, ఏటా నడిచినట్టే, చెప్పుల్లేకుండా నీళ్ళచెంబు పట్టుకుని నడుస్తూ వచ్చింది చోలెంగ్. అన్న కూతురు. పదిహేడేళ్ళ పిల్ల. నన్ను గుర్తుపట్టాక కూడా ఆ నీళ్ళు నా నోట్లో పోసింది. పోసి, చెంబు కింద పెట్టి, వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది. అప్పటి నుంచీ మేడ మీద గదిలోనే ఉంది. ఏడుపు కూడా వినపడలేదు.

ఆ పిల్ల కోసమే ఈ సిలువ మొక్కు. నాలుగేళ్ళప్పుడు డెంగ్యూ వచ్చి, ముక్కులోంచి నెత్తురు కారుతుంటే, డాక్టర్లు పెదవి విరిచేస్తే, మా అన్న ఆసుపత్రి మెట్ల మీద మోకరించాడు. పిల్ల బతికితే పదిహేనేళ్ళు, ప్రతి గుడ్ ఫ్రైడే నాడూ, పాదాలకి ఏమీ లేకుండా సిలువ మోస్తానని మొక్కాడు. నేను పక్కనే ఉన్నాను. అది దొంగ మొక్కు కాదు. ఆ రోజు వాడి గొంతు విన్నవాడెవడూ దాన్ని అనుమానించడు.

ఎనిమిదేళ్ళు మోశాడు కూడా. తొమ్మిదో ఏటి నుంచి మోసింది నేను. ఇది పదమూడో ఏడు.

వదిన అప్పటికే అంతా ఆలోచించి పెట్టుకుంది. పొద్దున బయల్దేరబోతుంటే అన్నకి మోకాలు పట్టేసిందట. లేవలేకపోయాడట. మొక్కు తప్పితే పిల్లకి కీడని తమ్ముడు బతిమాలి, అన్న ముసుగు తను తొడుక్కున్నాడట. ఈ ఒక్క ఏడే. గేటు దగ్గర అన్న పక్కన నిలబడి ఆ మాట నేను చెబితే చాలునట. ఊరికి మోకాలినొప్పి అర్థమవుతుందనీ, తమ్ముడి ప్రేమ ఇంకా బాగా అర్థమవుతుందనీ అంది. ఇవాళ ప్రచారం చెయ్యకూడదని చట్టమే ఉంది, కాబట్టి దీన్ని ఎవరూ ప్రచారమని కూడా అనలేరంది.

“మరి మిగతా నాలుగేళ్ళు?” అన్నాను.

“ఆ నాలుగేళ్ళూ ముసుగు ఊడలేదు కదా,” అంది వదిన.

ఆమెని చెడ్డమనిషి అనడం తేలిక. కానీ ఆ మాట అంటూనే చిలగడదుంప ముక్కల గిన్నె మీద మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

“ఫాదర్ దగ్గరికి వెళదాం,” అన్నాను. “పాడెకి దీవెన ఇవ్వడానికి ఎలాగూ వస్తాడు. ఆయన చెవిలో చెబుదాం. నాలుగేళ్ళ క్రితం కూడా ఇదే చెప్పాను.”

అన్న అప్పుడు తిరిగాడు.

“అప్పుడు చెప్పావు. చెప్పి, ముసుగు తొడుక్కున్నావు.”



నాలుగేళ్ళ క్రితం ఇసుక క్వారీ షెడ్డులో జరిగింది ఆ సంగతి. మోకాలికి ఆపరేషన్ అయింది, బరువు మొయ్యకూడదన్నారని అన్న చెప్పాడు. నిజమే, కుట్లు నేను చూశాను. ఫాదర్‌ని అడిగితే మొక్కు మార్చి ఇస్తాడు, ముసలివాళ్ళకి అన్నం పెట్టమంటాడో, రోజూ పూజకి రమ్మంటాడో, ఇందులో సిగ్గేముంది అన్నాను నేను. అన్న చాలాసేపు ఇసుక జల్లెడ వైపు చూశాడు. మరుసటి ఏడు అతను కౌన్సిలర్‌గా నిలబడుతున్నాడు. సిలువ మోసే కాంట్రాక్టరని అతనికి ఊళ్ళో పేరు. లారీ యజమానులు పది మంది ఉన్నారు. సిలువ మోసేవాడు అతనొక్కడే.

“ముసుగు ఉంటుంది కదరా,” అన్నాడు చివరికి. “మనిద్దరిదీ ఒకటే ఎత్తు.”

ఆ మరుసటి నెల నన్ను క్వారీ గేటు దగ్గర సూపర్‌వైజర్‌ని చేశాడు. మా ఇంటికి రేకులు పోయి పెంకులు వచ్చాయి. నా భార్య ఇస్కా కొత్త కప్పు వైపు చూసి, వీపు అద్దెకిచ్చుకున్నావన్నమాట అని, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఏటా గుడ్ ఫ్రైడే నాడు తెల్లారకముందే లేచి పుట్టింటికి వెళ్ళిపోయేది.

నేను అయిదో తరగతిలో బడి మానేశాను. ఇద్దరినీ చదివించే స్తోమత నాన్నకి లేదు, అన్న తెలివైనవాడు. అందులో అన్యాయం ఏమీ లేదని నలభై ఏళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. అగ్నిపర్వతం పేలిన తర్వాత బూడిదా ఇసుకా కలిసిన బురద వచ్చి మా పొలాన్ని నిలువెత్తు పూడ్చేస్తే నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను. అన్న చెంబుడు ఇసుక తీసి ఎండకి పట్టి చూశాడు. చదువంటే అదే కాబోలు. మా పొలాన్ని చంపిన ఇసుకని అమ్మి అన్న ఈ మేడ కట్టాడు.

ఇదంతా చెబితే అన్నదే తప్పు అనిపిస్తుంది. ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే నాకూ సుఖంగానే ఉంటుంది. కానీ ఇంకొకటి ఉంది, అది ఇస్కాకి కూడా చెప్పలేదు.

మొదటి ఏడు ముసుగు తొడుక్కుని గేటు దాటగానే జనం పక్కకి తప్పుకున్నారు. టోపీలు తీశారు. ఒక తల్లి తన పిల్లవాడి చెయ్యి పట్టుకుని సిలువ చెక్కకి తాకించింది. నా జన్మలో నా కోసం ఎవరూ దారి ఇవ్వలేదు. దమియన్ వస్తున్నాడంటే బెంచీ మీద ఎవరూ జరిగి కూర్చోరు. ఆ రోజు భుజం చీరుకుపోతోంది, అరికాళ్ళు కాలిపోతున్నాయి, లోపల మాత్రం నేను సంతోషంగా ఉన్నాను. ప్రభువు గుర్తుకురాలేదు. చోలెంగ్ గుర్తుకురాలేదు. ఆ ముసుగులో నేను ఎలిహియోని, అదొక్కటే తలుచుకుంటూ నడిచాను. రెండో ఏడు నన్ను అడగాల్సిన పని పడలేదు. బుధవారం నాడే నేను వెళ్ళి ముసుగు ఉతికారా అని అడిగాను.

అన్న అమ్ముకున్నది అతని మొక్కు. నేను కొనుక్కున్నదేమిటో నాకు ఇప్పటికీ పేరు తెలియదు.

“దేవుడేమన్నా హాజరు పట్టీ పట్టుకుని కూర్చున్నాడా?” అన్నాడు అన్న. గొంతు తగ్గించే మాట్లాడుతున్నాడు, మూడు దాటింది కనక. “మొక్కు మన ఇంటిది. కారింది మన నెత్తురే. ఎనిమిదేళ్ళు నేను ఈడ్చాను దమియన్. నా కాళ్ళు చూపించనా? నాలుగు పొరపాట్లకి ఆ ఎనిమిదేళ్ళూ కొట్టుకుపోవాలా?”

“అయిదు,” అంది అమ్మ.

అందరం ఆవిడ వైపు తిరిగాం. పొద్దుటి నుంచి ఆవిడ నోరు తెరవడం అదే మొదలు.

“అయిదేళ్ళు,” అంది మళ్ళీ. “కిరీటం కట్టేది నేను. కిందికి చూస్తే పాదాలు కనపడతాయి. నా కొడుకుల పాదాలు నాకు తెలియవా?”

“మరి అప్పుడే ఎందుకు అనలేదమ్మా?” అన్నాడు అన్న.

అమ్మ చాలాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, మాట దాటెయ్యడానికి కాదు.

“పెద్దాడు ఎదుగుతున్నాడు, చిన్నాడికి కప్పు పడింది,” అంది. “బాగానే ఉంది కదా అనుకున్నాను.”

రోడ్డు మీది మైకులో శ్రమల పాట సాగదీసుకుంటూ వస్తోంది. పాడేవాళ్ళు అలసిపోయి చరణానికీ చరణానికీ మధ్య దగ్గుతున్నారు.

అన్న వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. బల్ల మీది ముసుగుని పక్కకి జరపబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఊరి సంగతి తర్వాత,” అన్నాడు. “ముందు పిల్ల. తలుపు తియ్యట్లేదు. నేను పిలిస్తే పలకలేదు. నువ్వు వెళ్ళి చెప్పు. ఈ ఒక్క ఏడే అని చెప్పు. అది నమ్మితే ఊరు నమ్ముతుంది.”

“నువ్వే చెప్పు. నీ కూతురు.”

“నేను చెబితే నమ్మదు.”

ఆ మాట అన్నప్పుడు వాడి మొహంలో గోడల మీది మనిషి లేడు. ఆసుపత్రి మెట్ల మీది మనిషి ఒక్క క్షణం కనిపించాడు. అక్కడితో ఆగి ఉంటే వాడి కోసం ఏదైనా చేసేవాణ్ణి. ఆగలేదు.

“మీ ఇల్లున్న స్థలం ఇంకా నా పేరు మీదే ఉంది కదా,” అన్నాడు. “ఎన్నికలు అయ్యాక నీ పేరున రాయిస్తాను. ఎప్పటి నుంచో అనుకుంటున్నదే.”

ఎప్పటి నుంచో అనుకుంటున్నదే. పదమూడేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను. అన్నకి అది మంగళవారం గుర్తుకురాలేదు, బుధవారం గుర్తుకురాలేదు.

నేను లేచాను. దుప్పటి నా తొడలకి అతుక్కుని కొంత దూరం వచ్చి, ఊడి కింద పడింది. వదిన వెంటనే కుర్చీ వైపు చూసింది.

మెట్లు పద్దెనిమిది. ఒక్కో మెట్టు మీద ఒక్కో మాట అనుకున్నాను. నిజం చెప్పేస్తానని ఒక మెట్టు మీద, పిల్ల తట్టుకోలేదని ఇంకో మెట్టు మీద. నిజం చెబితే మేము ఎక్కడుంటామని కూడా అనుకున్నాను. అది ఎన్నో మెట్టు మీదో గుర్తులేదు.

తలుపు కొట్టి పేరు చెప్పాను. గడియ తీసిన చప్పుడైంది. నాకు తీసింది.

చోలెంగ్ మంచం మీద కాదు, నేల మీద కూర్చుని ఉంది. పాదాలు ఇంకా దుమ్ముతోనే ఉన్నాయి. నన్ను కూర్చోమనలేదు, నేనే కూర్చున్నాను, గోడకి వీపు ఆనించలేక ముందుకి వంగి.

“నొప్పిగా ఉందా బాబాయ్?” అంది.

లేదన్నాను.

“అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఒకాయన మూడు రోజులు లేవలేకపోయాడట.” నా భుజం వైపు చూస్తోంది, నా కళ్ళలోకి కాదు. “నన్ను ఒక్కటి అడగనీ. నువ్వు ఏం చెప్పడానికి వచ్చావో నాకు తెలుసు. దానికి ముందు ఒక్కటి.”

అడగమన్నాను.

“రెండేళ్ళ కిందట, ఏటి దగ్గర సిలువ దించాక, నేను నాన్న పాదాలు కడుగుతున్నాను. అప్పుడు నాన్న నా తల మీద చెయ్యి వేశాడు. ముసుగులోంచి ఏమీ అనలేదు. చెయ్యి మాత్రం చాలాసేపు అలాగే ఉంచాడు.” తన దుమ్ము పాదాల వైపు చూసుకుంది. “నాన్న నన్ను ఎప్పుడూ అలా ముట్టుకోలేదు బాబాయ్. మనీలా నుంచి వస్తే ఫోను తెస్తాడు, బూట్లు తెస్తాడు. నాకు ఏమైనా బాధ వస్తే ఆ చెయ్యే తలుచుకుంటాను. నర్సింగు ప్రవేశపరీక్ష రాసినప్పుడు కూడా అదే తలుచుకున్నాను. అది నాన్నేనా?”

నాకు గుర్తుంది. ఏరు సన్నగా పారుతోంది. ఆ పిల్ల వంగి, బూడిదరంగు ఇసుకని నా కాలివేళ్ళ సందుల్లోంచి ఒక్కో గింజా తీస్తోంది. నాన్నా, నా వల్ల నీకు ఎంత కష్టం అంది. నాకు ఆడపిల్లలు లేరు. నాతో ఎవరూ అంత మెత్తగా మాట్లాడరు. ఆ మాట నాది కాదని తెలిసి కూడా తీసుకున్నాను. ఆమె కోసం వెయ్యలేదు ఆ చెయ్యి. నాకు కావాలనిపించి వేశాను.

నిజం చెబితే ఆ పిల్లకి తండ్రి ఉండడు. అబద్ధం చెబితే ఉంటాడు. అబద్ధం చెబితే నాకు స్థలం కూడా ఉంటుంది. ఈ రెండింటిలో ఏది ముందు నా మనసులోకి వచ్చిందని దేవుడు అడిగితే, నేను చెప్పలేను. రెండూ ఒకేసారి వచ్చాయి, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని.

“మీ నాన్నే,” అన్నాను.

“ఒట్టు?”

“ఈ ఒక్క ఏడే నేను. పొద్దున మోకాలు పట్టేసింది. లేవలేకపోయాడు. నేనే బతిమాలాను.” వదిన చెప్పిన మాటలు ఒక్కటి కూడా తప్పకుండా వచ్చాయి. బడిలో ఒక్క పద్యం నాకు వచ్చేది కాదు.

ఆ పిల్ల మొహం తేటపడటం నేను చూశాను. నొప్పి ఎక్కువైనా ఫరవాలేదు, అది చూడకుండా ఉంటే బాగుండేది. రెండు చేతుల్తో మొహం రుద్దుకుంది. అప్పుడు ఏడ్చింది, చిన్నపిల్లలా, ముక్కు కారుతూ. పొద్దుటి నుంచి నాన్న గురించి ఎంత నీచంగా ఆలోచించానో నీకు తెలియదు బాబాయ్ అంది. వెళ్ళి క్షమించమని అడగాలంది.

ఆమె నా ముందు మెట్లు దిగింది. నేను గోడ పట్టుకుని వెనకాల దిగాను.

కింద ఆమె అన్న పాదాల దగ్గర మోకరించింది. అన్న నా వైపు చూశాడు. నేను తల ఊపాను. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి దొంగ నీళ్ళు కావు. కూతుర్ని లేపాడు గానీ చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక భుజాల దగ్గర గాల్లో ఉంచాడు. వదిన చప్పుడు కాకుండా ముసుగు తీసి అలమారలో పెట్టేసింది. అమ్మ జపమాల వైపే చూస్తోంది.

ఇక గేటు దగ్గర నేను చెప్పాల్సిన మాట మిగిలింది. దాన్ని చెప్పే అవసరం నాకు రాలేదు.

వాకిట్లో తెల్లపూలతో అలంకరించిన ప్రభువు పాడె ఉంది. దాన్ని దాటి మేము గేటు దాకా వెళ్ళేసరికి జనం గుసగుసలు ఆపేశారు. అన్న ఒక అడుగు ముందుకి వేసి గొంతు సవరించుకున్నాడు. అంతలో చోలెంగ్ అతని పక్కకి వచ్చి నిలబడింది.

“నేను చెబుతాను,” అంది.

చిన్న గొంతు. కానీ ఆ వేళప్పుడు ఊళ్ళో ఇంకే చప్పుడూ లేదు. నాన్నకి మోకాలు పట్టేసిందని చెప్పింది. బాబాయ్ నా ప్రాణం కోసం ముసుగు తొడుక్కున్నాడని చెప్పింది. పొద్దున నేను కూడా మీలాగే తప్పుగా అనుకున్నాను, అందుకు నాన్నని క్షమించమని అడిగాను, మీరూ అనుకుని ఉంటే మనసులో అడగండి అంది. ఒక్క మాట తడబడలేదు. ఎందుకు తడబడుతుంది, ఆమె అబద్ధం చెప్పడం లేదు. అబద్ధం నాది, ఆమె నోరు శుభ్రంగా ఉంది. నా బతుకులో నేను చేసిన పనులన్నిటిలోకీ అదే నీచమైనదని అక్కడ నిలబడే అనుకున్నాను.

ముందు వరసలో ఒక ముసలాయన తల వంచాడు. నా ముసుగు లాగిన ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఫోన్లు ఒక్కొక్కటే దిగాయి. వదిన ఊపిరి వదలడం నాకు వినిపించింది.

అయిపోయిందనుకున్నాం.

“కానీ మొక్కు సగంలో ఆగిపోయింది,” అంది చోలెంగ్. “ఇవాళ ఇంకా దాటలేదు కదా. సిలువ మూడో పందిరి దగ్గరే ఉంది.” తండ్రి వైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది. “మోకాలు నొప్పయితే వెనక కొస నేను పడతాను నాన్నా. మెల్లగా వెళదాం. పాడె మన వెనకాల వస్తుంది.”

వదిన ఏదో అనబోయింది. అప్పటికే జనం కదిలారు. ఎవరో అవును, అది ధర్మం అన్నారు. ఇంకెవరో నేనూ ఒక చెయ్యి వేస్తానన్నారు. కాదనడానికి మా అన్నకి దారి లేదు. రెండు వందల మంది ముందు, వచ్చే నెల ఓటు వెయ్యబోయే రెండు వందల మంది ముందు, అతను వంగి చెప్పులు విప్పాడు. ఆ పాదాలు మెత్తగా, తెల్లగా ఉన్నాయి. ఎవరూ గమనించలేదనుకుంటాను. అమ్మ గమనించింది.

“నువ్వు ముందు నడువు నాన్నా,” అంది చోలెంగ్. “ఏటా నువ్వే కదా ముందు.”

అన్న గేటు దాటాడు. జనం ఎడమ వైపు చీలి దారి ఇచ్చారు.

అన్న కుడి వైపు తిరిగాడు.

మూడో పందిరి ఒకప్పుడు అటే, ఐస్ ఫ్యాక్టరీ పక్కన ఉండేది. అన్న మోసిన ఎనిమిదేళ్ళూ అక్కడే ఉంది. అతని ఇసుక లారీలు ఆ రోడ్డున పడ్డాక, నాలుగేళ్ళ కిందట, ఫాదర్ సిలువ దారిని ఎడమ వైపు రైసుమిల్లు సందులోకి మార్చేశాడు. ఆ సందులో అన్న కారు పట్టదు. సిలువ నడిచే పూట అన్న ఇల్లు కదిలింది లేదు, తలుపులేసుకుని లోపలే ఉండేవాడు. మారిన దారి గురించి అతనికి చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు.

అతను నడుస్తున్నాడు. తల వంచుకుని, చేతులు కట్టుకుని, వేడి రోడ్డు మీద జాగ్రత్తగా అడుగులు వేస్తూ, నిజంగా మొక్కు తీర్చుకోబోయే మనిషిలాగే. వెనకాల ఎవరూ రావడం లేదని అతనికి తెలియదు. ఎవరూ పిలవలేదు. నవ్వలేదు. మూడు దాటాక మా ఊళ్ళో ఎవరూ గొంతు పెంచరు.

చోలెంగ్ గేటు దగ్గరే ఆగిపోయింది. తండ్రి వీపు వైపు చూసింది. రైసుమిల్లు సందు వైపు చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా, చూడకపోతే బాగుండునని కోరుకుంటున్నదానిలా, నా వైపు తిరిగింది.